దెబ్బ తగిలిన వైపు

హైదరాబాదు నుంచి ఆ పార్శిల్ వచ్చేసరికి నేను రిసెర్చిలో చేరి రెండేళ్ళయింది. రాష్ట్రం రెండు ముక్కలైన మరుసటి ఏడు అది. విజయనగరం శివార్లలో మా ఇంజనీరింగ్ కాలేజీ, దాని వర్క్‌షాపు వెనక ఒక రేకుల షెడ్డు, అందులో నాకో బల్ల. ఆ బల్ల మీద పెట్టి అట్టపెట్టె విప్పాను. నురుగు షీటులో వరసగా గుచ్చి పద్నాలుగు అల్యూమినియం దిమ్మలు. ఒక్కొక్కటీ బెల్లం ముక్కంత. అరచేతిలో పెట్టుకుంటే రెండు మూడు రూపాయి బిళ్ళల బరువు కూడా ఉన్నట్టు అనిపించలేదు.

దిమ్మ అన్నాను గానీ అందులో లోహం కంటే గాలే ఎక్కువ. గుండుసూది మందం పుల్లలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కలుసుకుంటూ, వరస మీద వరసగా చిన్న చిన్న గదులు కట్టుకుని ఉంటాయి. దాన్ని లాటిస్ అంటారు. అల్యూమినియం పొడిని లేజరుతో పొర మీద పొర కరిగించి అచ్చువేస్తారు. ఆ మిషను మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎక్కడా లేదు. నా గైడు అయిన ప్రొఫెసరు గారు ఎవరెవరినో పట్టుకుని ఏడాది పాటు అడగ్గా అడగ్గా ఆ పద్నాలుగూ వచ్చాయి.

"మళ్ళీ దొరకవు. ఆలోచించి పేల్చు," అన్నారు సార్.

పేల్చడమే మరి. తేలికపాటి ఈ లోహపు అల్లికని చాలా వేగంగా కొడితే ఏమవుతుందో చూడడం నా పని. విమానం ముక్కుకి పక్షి గుద్దుకుంటే లోపలున్న వాటికి దెబ్బ చేరకుండా ఇలాంటిదేదైనా మధ్యలో అడ్డు పెట్టవచ్చా అన్నది మా ప్రశ్న. మెల్లగా నొక్కితే ఏమవుతుందో రెండు దిమ్మలు ఖర్చుపెట్టి ముందే చూశాం. మొదట బిగుసుకుని నిలబడుతుంది. తరవాత ఎక్కడో మధ్యలో, బలహీనంగా ఉన్న ఒక వరస వంగి పడుకుంటుంది. దాని పక్క వరస, ఆ పక్క వరస. ఇవన్నీ కూలుతున్నంతసేపూ నొక్కే మిషను చూపించే బలం పెద్దగా పెరగదు, తగ్గదు. చివరికి పుల్లలన్నీ ఒకదాని మీదొకటి పడి ముద్దయ్యాక మాత్రం ముల్లు ఒక్కసారిగా పైకి పోతుంది. ఆ మధ్యలో ఉండే నిలకడే దాని గొప్పతనం. అంతసేపూ దెబ్బని తనే తింటూ ఉంటుంది.

వేగంగా కొట్టడానికి గాలితో పేలే తుపాకీ కావాలి. దాని గొట్టం చీపురుపల్లిలో ఒక లేత్ మిషను పెద్దాయన దగ్గర చేయించాను. అరవై దాటిన మనిషి, ఊరంతా ఆయన్ని మావ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. కొలతల కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"తుపాకీ గొట్టమేటి? ఆడగుంటవి, నీకెందుకిది?"

"గాలితో పేల్తాది మావా. మందు ఉండదు."

"గాలికి జోరెంతొస్తాది?"

"సెకనుకి వంద మీటర్లు."

ఆయన కొట్టు గుమ్మంలోంచి బయటికి తొంగి చూశాడు. "అంటే ఒకటనే లోపల ఇక్కడ్నుంచి ఆ రైలుగేటు కాడికి ఎలిపోద్దన్నమాట. సర్లే, సేత్తాను గాని, పోలీసోలొస్తే నీ పేరే సెప్తాను."

గొట్టం లోపల అద్దంలా నునుపు చేసి ఇచ్చాడు. దానికి గాలి టాంకీ, వాల్వు బిగించి, కర్ర ముక్కల మీద నెలల తరబడి పేల్చి చూసి, అప్పుడు దిమ్మల జోలికి వెళ్ళాను. ఏర్పాటు ఇలా ఉండేది. గొట్టం మూతికి ఎదురుగా మనిషి కంటే పొడుగైన ఉక్కు కడ్డీ ఒకటి పడుకోబెట్టి ఉంటుంది. దాని ఈ చివర దిమ్మని అంటిస్తాను. గొట్టంలోంచి అల్యూమినియం గుండు వచ్చి దిమ్మని కొడుతుంది. దిమ్మ నలుగుతూ నలుగుతూ ఎంత బలాన్ని వెనక్కి దాటనిస్తే అంత బలం కడ్డీలోకి పోతుంది. కడ్డీ మీద వేలిగోరంత రేకు గేజి అతికించి ఉంటుంది, అది ఆ బలాన్ని గీతగా మార్చి తెర మీద చూపిస్తుంది. అంతా రెప్పపాటులో వెయ్యో వంతు. పేలిన చప్పుడికి షెడ్డు మీది కాకులు లేచిపోయేవి, అవి మళ్ళీ వాలేసరికి నేను గీతని పదిసార్లు చూసేసి ఉండేదాన్ని.

ఎనిమిది దిమ్మలు పేల్చాను. వేగం మార్చి మార్చి కొట్టాను. ఎంత వేగంగా కొట్టినా గీత దాదాపు అదే ఎత్తులో ఉంది. మెల్లగా నొక్కినప్పుడు ఎంతో, ఇంచుమించు అంతే.

సార్ ఆ గీతలన్నీ ఒకే కాగితం మీద వేయించి చూసి, కుర్చీలోంచి లేచారు. ఆయన అంత తొందరగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. "వేగం పెరిగినా బలం పెరగడం లేదు. అర్థమైందా? దీన్ని మించిన అడ్డు ఏముంటుంది? వెంటనే పేపర్ రాయి."

రాశాను. ఒక కాన్ఫరెన్సుకి పంపాం, తీసుకున్నామని మెయిల్ వచ్చింది. కాలేజీ వాళ్ళు ఒక విలేకరిని పిలిపించారు. మేం పక్షి గురించి, విమానం గురించి చెప్పాం. ఆయన హెల్మెట్ల గురించి రాసుకున్నాడు. జిల్లా పేజీలో నా ఫోటో వేసి, ఎంత వేగంగా తగిలినా చెక్కుచెదరని రక్షణ అన్నట్టు రాశాడు. మా అమ్మ ఆ ముక్క కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జాకెట్లో దాచుకుంది.

మా అమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న ఊళ్ళోనే ఉండి వేటకి వెళ్ళేవాడు. నా చదువు కోసమూ తన బేరం కోసమూ అమ్మ ఆమదాలవలసలో ఒక గది అద్దెకి తీసుకుంది. ఊరి నుంచి వచ్చిన నెత్తళ్ళు, సావిడాలు బుట్టకెత్తుకుని చీపురుపల్లి సంతకో విజయనగరం బజారుకో రైలెక్కేది. అదే రైల్లో నేనూ. విజయనగరం బజారులో బేరానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ పేపరు ముక్క చూపించేదని తరవాత తెలిసింది.

నాకు సంతోషంగా ఉండాల్సింది. ఉండలేకపోయాను. ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేదాన్ని. రైల్లో సీటు దొరికినా తలుపు దగ్గర నిలబడేదాన్ని. అన్నం తింటూ మధ్యలో లేచి నోటుపుస్తకం తెచ్చుకుని చూసేదాన్ని. గేజి తప్పు చూపిస్తోందేమోనని దాన్ని మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు. గాలి టాంకీ మీటరు సరిచూశాను. అదీ బాగానే ఉంది. ఏం నచ్చడం లేదో నాకే తెలియలేదు.

రెండు విషయాలు మాత్రం మనసులోంచి పోయేవి కావు. ఒకటి, పేల్చిన తరవాత దిమ్మలు. తక్కువ జోరుతో కొట్టినప్పుడు దిమ్మ పూర్తిగా నలగకుండా సగంలో ఆగిపోయేది. మెల్లగా నొక్కినదాంట్లో మధ్య వరసలు ముందు పడుకున్నాయి కదా. వీటిలో అలా కాదు. గుండు తగిలిన వైపు నాలుగైదు వరసలు రేకులా అణిగిపోయి, వెనక వరసలు పార్శిల్లోంచి అప్పుడే తీసినట్టు నిటారుగా ఉన్నాయి. రెండోది, ఒక దిమ్మకి ముందు వైపు పలుచటి అల్యూమినియం పలక అంటించి కొట్టాను. ఆ పలక చీలిపోయింది. నోటుపుస్తకంలో "జిగురు సరిగా అంటలేదు" అని రాసి పేజీ తిప్పేశాను. నా చేత్తోనే అంటించాను, బాగా అంటిందని నాకు తెలుసు. అయినా అలాగే రాశాను.

కాన్ఫరెన్సు ఇంకా మూడు వారాలు ఉందనగా అమ్మ చెయ్యి విరిగింది.

సాయంత్రం ప్యాసింజరు. బండి విజయనగరం నుంచే బయల్దేరుతుంది. ముందు పెట్టెలు తెచ్చి పెడతారు, జనం ఎక్కి కూర్చుంటారు, ఆఖరికి ఇంజను వచ్చి తగులుకుంటుంది. చేపల బుట్టల వాళ్ళంతా ఎప్పుడూ మొదటి పెట్టెలోనే ఎక్కుతారు. దిగేటప్పుడు స్టేషన్ గేటు దగ్గరవుతుందని. ఆ రోజు నేను ఆలస్యంగా పరిగెత్తుకుంటూ వచ్చి చిట్టచివరి పెట్టె ఎక్కాను. కాసేపటికి బండి కదిలింది. ఆమదాలవలసలో దిగి ముందుకి నడుచుకుంటూ వెళితే అమ్మ బల్ల మీద కూర్చుని కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది. తోటి ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. మణికట్టు అప్పటికే వాచిపోయింది.

సీటు మీద నిలబడి ఖాళీ బుట్ట పై బల్ల మీద పెడుతోందట. సరిగ్గా అప్పుడే ఇంజను తగిలి, కుడిచెయ్యి ఊనుకుని కిందపడింది. ఎవరి తప్పూ లేదు, ఇంజను రోజూ అలాగే తగులుతుంది, రోజూ అమ్మ కూర్చుని ఉండేది. ఆ రోజు నిలబడి ఉంది.

ఆటోలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీసి, బల్ల మీద కూర్చోబెట్టి, పిండికట్టు వేయడానికి బట్ట తడుపుతున్నారు. అమ్మ నొప్పి మరిచిపోవడానికి నాతో మాట్లాడుతోంది.

"నీకు తగల్లేదేటే?"

"లేదమ్మా. నాకసలు తెలీనే లేదు."

"తెలకపోడమేటి? రైలంతా ఒకటే కాదేటి? మా పెట్టిలో ముసలాయన సెంబు ఎగిరి అల్లంత దూరం పడ్డాది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు."

"నేను ఆఖరి పెట్టెలో ఉన్నానమ్మా. నా ఎదురుగా ఒకావిడ ఫ్లాస్కులోంచి టీ ఒంపుతోంది. చుక్క ఒలకలేదు."

"ఇంజను మొగాన ఉన్నోలకే దెబ్బంతాను," అంది అమ్మ. "ఎనకోలకేటి? ఆలు రాజాలు."

డాక్టరు నన్ను అమ్మ మోచెయ్యి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. అమ్మ నొప్పితో పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ నిమిషంలో నేను అమ్మని చూడటం లేదు. అణిగిపోయిన ముందు వరసలని, నిటారుగా ఉన్న వెనక వరసలని చూస్తున్నాను. మెల్లగా నొక్కినప్పుడు దిమ్మ అంతటికీ కబురు అందుతుంది, ఎక్కడ బలహీనమో అక్కడ కూలుతుంది. వేగంగా కొట్టినప్పుడు కబురు అందేలోపలే కొట్టినవైపు పుల్లలు కూలిపోతాయి. గుండు ఒక్కొక్క వరసనీ నిలబడినచోటు నుంచి తన వేగానికి తోసుకెళ్ళాలి, అది ఊరికే జరగదు, దానికి బలం కావాలి. ఆ బలమంతా ముందు వైపునే. వెనక వైపు, ఇంకా కూలని వరసల ద్వారా, ఎప్పుడూ దాటేంతే దాటుతుంది. నా గేజి ఉన్నది వెనక కడ్డీ మీద. ఎనిమిది దిమ్మలు పేల్చి నేను కొలిచిందంతా ఆఖరి పెట్టెలో కూర్చుని కొలిచాను.

"అమ్మాయ్, గట్టిగా పట్టుకో," అన్నాడు డాక్టరు. నా చెయ్యి జారింది. అమ్మ అరిచింది.

మర్నాడు పొద్దున్నే సార్ గదికి వెళ్ళాను. ఆయన ప్రయాణానికి టికెట్లు చూస్తున్నారు. చెప్పాను. మొదట వినలేదు, తరవాత చేతిలోని కాగితం పక్కన పెట్టారు.

"మనం కొలిచింది తప్పంటావా?"

"లేదు సార్. కొలత ఒప్పే. మనం రాసిన మాట తప్పు. వేగం పెరిగినా బలం పెరగదని రాశాం. వెనక వైపు పెరగదు. ముందు వైపు ఎంత ఉందో మనం చూడనే లేదు. ఆ పలక చీలిందంటే చాలా ఉండి ఉండాలి."

"జిగురు లోపమని నువ్వే రాశావు."

"అది కూడా తప్పే సార్."

ఆయన గీతల కాగితం దగ్గరికి లాక్కున్నారు. "వెనక ఉన్నవాణ్ణే కదా మనం కాపాడాలనుకున్నది? ఆ మాట వరకు నిజమే. సగం నిజమైనా నిజమే కదా."

"పక్షి తగిలేది ముందు పలకకి సార్. అది చీలిపోతే వెనకున్నవాడికి ఏం మిగుల్తుంది?"

"ముందు వైపు ఎలా కొలుస్తావు? ఎగిరే గుండుకి తీగలు కడతావా?"

రాత్రంతా ఆలోచించింది అదే. "గుండు మీదే దిమ్మని అంటించి పేలుద్దాం సార్. దిమ్మ ఎగిరి వచ్చి కడ్డీని కొడుతుంది. అప్పుడు కడ్డీ దగ్గరున్నదే దెబ్బ తగిలిన వైపు అవుతుంది. గేజి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది."

అది జరిగే పనేనని ఆయనకి వెంటనే తెలిసింది, మొహంలో కనిపించింది. కానీ ఆయనకి ఆ పేపరు చాలా కావలసి ఉంది. ఎన్నో ఏళ్ళు ఆ చిన్న కాలేజీలో ఎవరికీ కనబడకుండా పనిచేసిన మనిషి. "నాలుగు దిమ్మలే ఉన్నాయి. నీ ఇష్టం," అని లేచి క్లాసుకి వెళ్ళిపోయారు. ఆ తరవాత పది రోజులు నాతో మాట్లాడలేదు. వరండాలో ఎదురైతే నా పక్కన ఉన్నవాళ్ళని పలకరించేవారు.

పొద్దున అమ్మకి జడ వేసి, అన్నం కలిపి పెట్టి, రైలెక్కేదాన్ని. బేరం లేక అమ్మకి చిరాకు, కట్టు కింద దురదకి మరీ చిరాకు. నాకు షెడ్డులో ఉంటే గది గుర్తొచ్చేది, గదిలో ఉంటే షెడ్డు గుర్తొచ్చేది. మొదటి దిమ్మని గుండుకి అంటించి పేల్చాను. అది గొట్టంలోనే ఊడిపోయి, గోడలకి కొట్టుకుని, కడ్డీ దగ్గరికి పుల్లలు పుల్లలుగా వచ్చింది. మూడే మిగిలాయి. ఆ పుల్లలు చీపురుతో ఊడ్చి, కాగితంలో పొట్లం కట్టుకుని, చీపురుపల్లిలో దిగాను.

మావ పొట్లం విప్పి చూశాడు. "దీనికి సొక్కా కావాలి," అన్నాడు.

"ఏటి మావా?"

"ఒంటిమీద ఏటీ నేకండా గొట్టంలోకి తోసేత్తే కొట్టుకోదేటి? నైలాన్‌తో గిన్నెలాటిది సేత్తాను. దిమ్మ నడుందాకా అందులో కూకుంటాది. మూతి మాత్రం బయటికుంటాది. ఇటూ అటూ ఊగదు."

రెండు రోజుల్లో ఇస్తానన్నాడు. మూడో రోజు నేను వెళ్ళేలోపే ఆయనే బస్సెక్కి కాలేజీకి వచ్చేశాడు. తువ్వాలులో చుట్టి మూడు గిన్నెలు తెచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, తుపాకీ గుంట కోసం వచ్చానన్నాడట. నన్ను వెతుక్కుంటూ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

దిమ్మని గిన్నెలో కూర్చోబెట్టి గొట్టంలోకి తోసాం. సరిగ్గా పట్టింది. మావ షెడ్డు బయట గోడ వెనక నిలబడి చెవులు మూసుకున్నాడు. టాంకీలో గాలి నింపాను. వాల్వు తెరిచాను. చప్పుడుకి కాకులు లేచాయి. తెర వైపు చూడటానికి భయం వేసి మొదట కడ్డీ దగ్గరికి వెళ్ళాను. దిమ్మ పుల్లలు చెదరకుండా, కడ్డీకి తగిలిన మూతి వైపు నుంచి అణిగి ఉంది. అప్పుడు తెర చూశాను.

గీత పాత గీతలకి రెండింతలు దాటి పైకి పోయి ఉంది.

"అయిందేటి?" అన్నాడు మావ తలుపులోంచి.

"అయింది మావా."

"మంచిదేనా, సెడ్డదేనా?"

నవ్వాను. నవ్వుతూంటే ఏడుపొచ్చింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "టీ తాగి రా, తర్వాత సూసుకుందువు," అని నన్ను క్యాంటీనుకి తీసుకెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం సార్ గది తలుపు కింద నుంచి ఆ గీత ప్రింటు తోసి వచ్చేశాను. ఎదురుగా నిలబడి ఇచ్చే ధైర్యం లేదు. గంటకల్లా ఆయన షెడ్డుకి వచ్చారు. పది రోజుల తరవాత నాతో ఆయన అన్న మొదటి మాట, "ఇంకోటి పేల్చు." పేల్చాను. అదే ఎత్తు. ఆయన స్టూలు మీద కూర్చుని, అణిగిన దిమ్మని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశారు. చివరికి, "మెయిల్ నువ్వు రాయి. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని. కారణం దాచకు. కింద నా పేరు ముందు పెట్టు, నీ పేరు తరవాత పెట్టు," అన్నారు.

పేరు ముందు పెట్టమన్నది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. గొప్ప పేపరైతే పేరు ముందుండాలనుకుంటారు ఎవరైనా. తిట్లు పడే మెయిల్లో ముందు నిలబడ్డారు ఆయన. టికెట్లు రద్దు చేసుకున్నాం. కాలేజీలో కొన్నాళ్ళు చెవులు కొరుక్కున్నారు.

అమ్మకి చెప్పడం అంతకంటే కష్టమైంది. కట్టు విప్పించుకుని వచ్చిన రోజు గదిలో నేల మీద కూర్చుని, ప్లాస్టిక్ కవరు తీసి నా ఫోటో చూసుకుంటోంది.

"అమ్మా, అది ఇంక ఎవరికీ సూపించకు."

"ఎందుకే?"

"అందులో రాసింది సరికాదు."

"పేపరోడు అబద్ధమేసినాడేటి?"

"హెల్మెట్టని ఆడే రాసుకున్నాడు. మిగతాది నేనే సగం సెప్పాను."

అమ్మ ఫోటోని మళ్ళీ కవర్లో పెట్టింది. "అలగైతే మిగతా సగం కూడా ఎయ్యమను."

విలేకరికి ఫోను చేశాను. ఆయన మర్యాదగానే విన్నాడు. తప్పకుండా వేద్దామమ్మా అన్నాడు. వేయలేదు. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. అమ్మ ఆ ముక్కని చింపలేదు గానీ బజారుకి తీసుకెళ్ళడం మానేసింది.

మిగిలిన ఆఖరి దిమ్మని కూడా పేల్చి, ఆ ఏడాదంతా కూర్చుని ముందు వైపు, వెనక వైపు రెండూ కలిపి కొత్తగా రాశాం. పెద్ద రిసెర్చి పత్రికకే పంపాం. నాలుగు నెలలు ఎదురుచూశాను. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. జవాబు వచ్చింది. పరిశీలించినవాళ్ళలో ఒకరు చాలా మెత్తగా ఒక మాట రాశారు. కర్రలోనూ, లోహపు నురుగులోనూ, తేనెపట్టు లాంటి అల్లికల్లోనూ ఈ సంగతి చాలాకాలంగా తెలిసిందే, కొట్టినవైపు బలం వేగంతో పెరుగుతుందనీ వెనకవైపు పెద్దగా పెరగదనీ ముందే చూసినవాళ్ళున్నారు, రచయితలు ఆ పాత పనిని చదివినట్టు లేదు, అని.

చదవలేదు. నిజమే. లాటిస్ అని ఉన్నవన్నీ చదివాను, కర్ర జోలికి పోలేదు. అమ్మ చెయ్యి విరిగితే గానీ తట్టని విషయం ఎవరో ఎప్పుడో లెక్కలు కట్టి, పుస్తకాల్లో పెట్టి ఉంచారు. సార్ ఆ ఉత్తరం చదివి మొదట తల పట్టుకున్నారు, తరవాత పెద్దగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. షెడ్డులోంచి బయటికి వచ్చి కాలేజీ ప్రహరీ చుట్టూ ఎండలో నడిచాను. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు, వాచ్‌మన్ పిలిచి మంచినీళ్ళిచ్చాడు.

అయినా ఆ ఉత్తరంలోనే కింద ఇంకొక ప్రశ్న ఉంది. మా దిమ్మల్లో పుల్లలు వంగుతున్నాయా, విరుగుతున్నాయా? దానికి జవాబు నా దగ్గర ఉంది. డబ్బాలో దాచిన ముక్కలన్నీ బయటపెట్టి భూతద్దం కింద ఒక్కొక్కటీ చూశాను. మెల్లగా నొక్కినవాటిలో పుల్లలు వంగాయి. వేగంగా కొట్టినవాటిలో ముందు వరసల పుల్లలు చాలావరకు ముడుల దగ్గర తెగిపోయాయి. లేజరుతో అచ్చుపోసిన లోహంలో ముడి దగ్గర చిన్న చిన్న బుడగలు మిగిలిపోతాయి, అక్కడే తెగాయి. ఇది కర్రలో ఉండదు, నురుగులోనూ ఇలా ఉండదు. ఆ సంగతి గురించి మళ్ళీ రాశాం. ఈసారి తక్కువ మాటలతో, మేం చూసినంతే, ఆ వేగాల్లో, ఆ దిమ్మల్లో. పాత పనులన్నీ చదివి పేర్లు పెట్టాం. తీసుకున్నారు. చిన్న పేపరు. దాన్ని గురించి ఏ విలేకరీ రాలేదు. నా థీసిస్ అనుకున్నదానికంటే ఏడాదిన్నర ఆలస్యమైంది. చివరి మౌఖిక పరీక్షలో వెనక్కి తీసుకున్న పేపరు గురించి అడుగుతారని నేను భయపడుతూ ఉంటే సారే లేచి ముందు ఆ కథంతా చెప్పేశారు.

పట్టా వచ్చిన వారానికి అమ్మ శ్రీముఖలింగం వెళ్దామంది. నేను గట్టెక్కితే వస్తానని దేవుడికి మొక్కుకుందట. అమ్మ మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. నీళ్ళ చెంబు వంచాలంటే ఎడమచెయ్యి సాయం కావాలి. బుట్ట ఇప్పుడు ఎడమ చంకన ఎత్తుకుంటోంది. బస్సులో నాన్న కూడా ఉన్నాడు. వేట లేని రోజులు అవి.

దర్శనం అయ్యాక వంశధార ఒడ్డుకి నడిచాం. ఏటిలో నీళ్ళు పలుచగా, ఇసక మీద పాయలుగా పారుతున్నాయి. అమ్మ పులిహోర పొట్లాలు విప్పింది. నాన్న తిని అక్కడే తువ్వాలు పరుచుకుని కళ్ళు మూసుకున్నాడు. వచ్చే నెల నుంచి విజయనగరంలోనే ఇంకో కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఉంది నాకు. ఇంక తిరగవలసిన పని ఏమీ లేదు. అయినా రెండు ముద్దలు తిని లేచాను, నీళ్ళలోకి దిగాను, మళ్ళీ వచ్చాను.

"కూకోయే, తిననీ," అంది అమ్మ. "పాసయ్యావు కదేటి? ఇంకేటి నీ బాద?"

"ఆ పుల్లలు అలగ తెగకండా సెయ్యొచ్చేమో అమ్మా. అచ్చేసింతర్వాత ఒకసారి కొలిమిలో ఏడి సేస్తే ముడులు గట్టిపడతాయేమో."

"దిమ్మలున్నాయేటి నీ కాడ?"

"లేవు. అన్నీ అయిపోయాయి."

అమ్మ ఇంకో ముద్ద కలిపి, వంకర మణికట్టుతోనే చెయ్యి చాచి నాకు అందించింది. నిలబడే తిన్నాను. తింటూ ఆమదాలవలస బస్సు ఎన్నింటికి ఉందో అడిగాను.